ఎమర్జెన్సీ కిట్‌లో నీళ్లు: ఎన్ని బాటిళ్లన్నది తర్వాత, ఎన్ని రోజులన్నది ముందు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇంట్లో ఐదుగురు ఉంటారు. అందులో ఎనిమిది నెలల పాప, డెబ్బై దాటిన అమ్మమ్మ ఉన్నారు. పది కిలోల కుక్క కూడా ఉంది. మూడో అంతస్తులో ఫ్లాట్. ఎమర్జెన్సీ కిట్ సర్దుతున్నారు. అర లీటరు బాటిళ్లు 24 ఉండే కేసులు రెండు తెచ్చి పెడితే సరిపోతాయా? మంచి ఫిల్టర్ ఒకటి కొంటే అసలు నిల్వే అక్కర్లేదా? నిల్వ పెట్టిన నీళ్లు ఎన్నాళ్లకు మార్చాలి?

నేను ఇరవై ఏళ్లకు పైగా నీటి సరఫరా పనిలో ఉన్నాను. వరదలప్పుడు సహాయ శిబిరాల్లో నీళ్ల బాధ్యత కూడా చూశాను. ముందు సూటిగా చెప్పేస్తాను: రెండు కేసులు చాలవు. ఫిల్టర్ ఉన్నా నిల్వ కావాలి. ఇంట్లో నింపుకున్న నీళ్లయితే ఆరు నెలలకోసారి మార్చండి. ఇంతటితో ఆపేయొచ్చు కానీ, ఎందుకో తెలియకుండా కొన్న సామాను ఏడాది తిరిగేసరికి అటక ఎక్కడం చాలా ఇళ్లలో చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

లెక్కతో మొదలుపెడదాం. ఒక కేసులో 12 లీటర్లు, రెండింట్లో 24. మనిషికి రోజుకు సుమారు 4 లీటర్లు అనుకోవాలి. అందులో సగం తాగడానికి, మిగతా సగం వంటకీ, చేతులు, నోరు శుభ్రం చేసుకోవడానికీ. ఐదుగురికి రోజుకు 20 లీటర్లు. అంటే మీ రెండు కేసులు ఒక రోజు దాటి రెండో రోజు ఉదయానికి అయిపోతాయి. కేవలం తాగడానికే వాడినా రెండున్నర రోజులకు మించి రావు. వేసవి అయితే అదీ రాదు.

ఈ 4 లీటర్లు నేను కల్పించిన లెక్క కాదు. అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా ఒక గాలన్ అంటుంది, అంటే 3.8 లీటర్లు. జపాన్‌లో 3 లీటర్లు అంటారు. రెండు చోట్లా కనీసం మూడు రోజులకు పెట్టుకోమనే చెబుతారు, వీలైతే ఇంకా ఎక్కువ రోజులకు. అదే సహాయ శిబిరాలు నడిపేవాళ్లు పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు ఉండాలని ఉంటుంది, ఎందుకంటే అక్కడ స్నానం, బట్టలు కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి 4 లీటర్లంటే సుఖంగా గడపడానికి కాదు, గడ్డకు చేరడానికి. ఇది గుర్తుంటే, మూడో రోజు ఇంట్లో ఎవరైనా చిరాకు పడినప్పుడు వాళ్ల తప్పు కాదని అర్థమవుతుంది.

మీకైతే మూడు రోజులకు 60 లీటర్లు, కుక్కకు మరో రెండు. నా సలహా వారానికి పెట్టుకోమని. ఏడు రోజులకు 140 లీటర్లు. వినగానే భయపడకండి, ఒక్కసారిగా కొనాల్సిన పనిలేదు.

అసలు చిక్కు పరిమాణంలో లేదు, బరువులో ఉంది. లీటరు నీళ్లు కిలో బరువు. మీ 60 లీటర్లు 60 కిలోలు. దాన్ని ఎత్తుకుని మూడంతస్తులు దిగడం ఎవరి వల్లా కాదు, పైగా ఒక చేతిలో పాప, ఇంకో చేతిలో అమ్మమ్మ చెయ్యి ఉంటాయి. లిఫ్ట్ ఉందిగా అంటారేమో, అలాంటి రోజున కరెంటు ఉంటుందని ఎవరు చెప్పగలరు? 'కిట్‌లో నీళ్లు' అన్న ఆలోచనే ఇక్కడ దారి తప్పిస్తుంది. నీళ్లను రెండు భాగాలుగా చూడాలి. ఇంట్లోనే ఉండిపోతే వాడే నీళ్లు ఒకటి, ఇల్లు వదిలి వెళ్లాల్సి వస్తే వెంట వచ్చే నీళ్లు రెండోది. మొదటివి కిట్‌లో ఉండవు, ఇంట్లో ఉంటాయి. రెండోవి మాత్రమే సంచిలోకి వెళ్తాయి.

సంచిలోకి పెద్దవాళ్లకు తలా లీటరున్నర చాలు, గట్టివాళ్లయితే రెండు లీటర్లు. దానికి తోడు ఒక స్ట్రిప్ క్లోరిన్ మాత్రలు, ఒక స్టీలు బాటిల్. ఈ స్టీలు బాటిల్ ఒకే పొర ఉన్నదై ఉండాలి. అవసరమైతే దాన్నే మూత తీసి మంట మీద పెట్టి నీళ్లు మరిగించుకోవచ్చు. వేడి నిలిపే రెండు పొరల ఫ్లాస్కును మాత్రం ఎప్పుడూ మంట మీద పెట్టకండి, లోపలి ఖాళీలో ఒత్తిడి పెరిగి పగిలే ప్రమాదం ఉంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి చెబుతున్నాను.

ఇక ఇంట్లో ఉండే నీళ్ల సంగతి. పుస్తకం లెక్క ఎంతైనా, మీ ఇంటి లెక్క మీ ఇంట్లోనే తేలుతుంది. కొన్నేళ్ల కిందట నేను ఒక ఆదివారం ఉదయం ఆరింటికి ఇంటి మెయిన్ వాల్వ్ కట్టేశాను. ఇంట్లో నలుగురం. అంతకుముందు రాత్రే క్యాన్లు, బకెట్లు నింపి వంటింట్లో వరసగా పెట్టాను. పక్కన గోడకు ఒక కాగితం, దారంతో కట్టిన పెన్సిల్. నీళ్లు తీసుకున్న ప్రతివాళ్లూ ఎంత, ఎందుకు అని రాయాలి. పదింటికల్లా ఇంట్లో గొణుగుడు మొదలైంది, పన్నెండింటికి కాగితం రెండో వైపుకు తిప్పాల్సి వచ్చింది.

రాత్రి కూర్చుని కూడితే, ఫ్లష్‌కు పోసినవి, స్నానాలు లేకుండానే దాదాపు 40 లీటర్లు. తాగింది తొమ్మిది లీటర్లు కూడా లేదు. మరి మిగిలినవి ఎక్కడికి పోయాయి? గ్లాసులు కడగడానికి. మా చిన్నవాడు నీళ్లు తాగిన ప్రతిసారీ గ్లాసు తొలిపి బోర్లించాడు, మంచి అలవాటే పాపం. 'చేతులు' అని కాగితం మీద పద్దెనిమిది సార్లు ఉంది. ఒక్కోసారి సగం మగ్గు అనుకున్నా చాలా అయిపోతుంది. వంట గిన్నెలు ఇంకొక ఆరేడు లీటర్లు తాగేశాయి.

రెండు నెలల తర్వాత మళ్లీ చేశాం. ఈసారి ఒక్కొక్కరికి పేరు రాసిన గ్లాసు ఒకటే, రోజంతా అదే. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి ఆ తర్వాతే నీళ్లు. చేతులు కడుక్కోవడానికి, మూతకు చిన్న బెజ్జం పెట్టిన ఒక లీటరు బాటిల్ తలకిందులుగా వేలాడదీశాం, సన్నటి ధార వస్తుంది. కింద టబ్బు, అందులో పడినవి ఫ్లష్‌కు. 21 లీటర్లతో రోజు గడిచింది. తాగినవి మాత్రం ఒక్క గ్లాసూ తగ్గలేదు. ఈ కసరత్తు మీరూ ఒక్కసారి చేయండి. ఏ పట్టికలూ చెప్పని సంగతులు అక్కడ బయటపడతాయి. పాపతో కష్టమనిపిస్తే సాయంత్రం దాకానైనా చాలు.

ఫ్లష్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ మర్చిపోయేది అదే. ట్యాంకును బట్టి ఒక ఫ్లష్‌కు ఆరు లీటర్లు, పాతవైతే ఇంకా ఎక్కువ పోతాయి. తాగే నీళ్లు అందులో పోయకూడదు. తుఫాను హెచ్చరిక లాంటిది వినగానే బకెట్లు, టబ్బులు, బాత్‌టబ్ ఉంటే అదీ మామూలు నీళ్లతో నింపేయండి. అవి తాగడానికి కావు, కమోడ్‌కు, నేల తుడవడానికి. పాప పాకే ఇల్లు కాబట్టి ప్రతి బకెట్టుకూ మూత ఉండాలి. చిన్నపిల్లలు మునిగిపోవడానికి బకెట్టులో జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు. ఈ మాట దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

నిల్వకు ఏ పాత్రలు? ఆహార పదార్థాల కోసం చేసిన ప్లాస్టిక్ క్యాన్లు, అడుగున త్రికోణంలో 1 లేదా 2 అంకె ఉన్నవి. సీలు వేసిన నీళ్ల బాటిళ్లు అయితే మరీ మంచిది, కడిగే పనే ఉండదు. పాలు, పళ్లరసాలు వచ్చిన డబ్బాలు వద్దు. ఎంత తోమినా ప్లాస్టిక్‌కు పట్టిన పాల జిడ్డు, తీపి పూర్తిగా వదలవు, సూక్ష్మక్రిములకు అదే తిండి. పురుగుమందులు, పెయింట్లు, డిటర్జెంట్లు వచ్చిన డబ్బాల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎన్నిసార్లు కడిగినా సరే.

మూతి సన్నగా ఉండి, అడుగున కుళాయి ఉన్న క్యాన్ అన్నిటికన్నా మేలు. దీనికి కారణం శిబిరాల్లో కళ్లారా చూశాను. ట్యాంకర్ నీళ్లు పరీక్షిస్తే శుభ్రంగా ఉండేవి, క్లోరిన్ కూడా సరిగ్గా ఉండేది. అవే నీళ్లు గుడారంలో మూతలేని బకెట్టులోకి చేరి సాయంత్రానికి పాడయ్యేవి. అందులో చెయ్యి మునుగుతుంది, అదే చేత్తో పిల్లాడి ముడ్డి కడిగి ఉంటారు, సబ్బు ఉండదు. నీళ్లు ఎక్కడో దూరంగా కలుషితమవుతాయని అనుకుంటాం కానీ చాలాసార్లు మన గ్లాసుకు, పాత్రకు మధ్యనే అవుతాయి. కుళాయి లేకపోతే పొడుగు కాడ గరిటె ఒకటి ఆ పాత్రకే కేటాయించండి, లేదా వంచి పోసుకోండి.

పెద్దది ఒకటి కొనేకన్నా మధ్య రకంవి నాలుగైదు కొనండి. నేను మొదట్లో ఒకే ఒక్క 60 లీటర్ల డ్రమ్ము పెట్టుకున్నాను, నింపాక దాన్ని జరపడానికే ఇద్దరు కావాల్సి వచ్చింది. కుళాయి దగ్గర వాషరు పాడై రాత్రికి రాత్రి సగం కారిపోయింది. అన్ని నీళ్లూ ఒక్క పాత్రలో ఉంటే, పాడైనా కారినా అన్నీ ఒక్కసారే పోతాయి. 10 లీటర్ల క్యాన్ అయితే పెద్దపిల్లలు కూడా ఎత్తగలరు. 20 లీటర్లది నిండితే మీకే నడుం పట్టేస్తుంది.

నింపే ముందు క్యాన్‌ను సబ్బుతో కడిగి, లీటరు నీళ్లకు ఒక టీస్పూను బ్లీచ్ కలిపి, మూత పెట్టి, లోపల అన్ని మూలలకూ తగిలేలా అర నిమిషం గిలక్కొట్టి పారబోయండి. తర్వాత శుభ్రమైన నీళ్లతో తొలిపితే చాలు. నింపేటప్పుడు మూత లోపలి వైపు వేళ్లు తగలనివ్వకండి.

ఇక్కడ చాలామందికి తెలియని చిన్న విషయం ఒకటుంది. నిల్వకు ఆర్ఓ నీళ్లే నింపాలని అనుకుంటారు, అవి 'ప్యూర్' అని. కానీ ఆర్ఓ మెషిన్ నీళ్లలోని క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది. పైపుల్లో వచ్చే శుద్ధి చేసిన నీళ్లలో కొద్దిగా మిగిలి ఉండే ఆ క్లోరినే నిల్వలో కాపలా కాసేది. అది లేని నీళ్లలో, క్యాన్ మూలలో ఎక్కడో మిగిలిన క్రిములు ఏ అడ్డూ లేకుండా పెరుగుతాయి. కాబట్టి క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు వస్తుంటే నేరుగా అవే నింపండి. ఆర్ఓ నీళ్లో, బోరు నీళ్లో నింపాల్సి వస్తే లీటరుకు రెండు చుక్కల బ్లీచ్ వేసి మూత బిగించండి. తాగేముందు రెండు గ్లాసుల్లోకి అటూ ఇటూ పోస్తే వాసన తగ్గుతుంది.

ఎక్కడ పెట్టాలి? చీకటిగా, చల్లగా ఉండే చోట. నాకు ఒకసారి చోటు లేక తెల్లటి క్యాన్లు రెండు కిటికీ కింద పెట్టాను. నెలన్నరకు గోడ వైపున్న క్యాన్ బాగానే ఉంది, ఎండ తగిలిన దానిలో అడుగున పచ్చటి పొర. వేలితో రాస్తే జారుడుగా ఉంది, పాచి. పారబోసి మళ్లీ కడగడం తప్ప దారి లేకపోయింది. కిరోసిన్, పెట్రోలు, పెయింట్లు, పురుగుమందులు ఉన్న గదిలో కూడా పెట్టకండి. మూత తీయకపోయినా ఆ ఆవిర్లు ప్లాస్టిక్ గుండా లోపలికి పోతాయి, నీళ్లకు వాసన పడుతుంది. కారు డిక్కీలో పెట్టే బాటిళ్లు ఎండకు కాగుతాయి కనుక వాటిని తరచుగా మార్చేయండి. అటక మీద మాత్రం అస్సలు వద్దు. నాలుగు క్యాన్లంటే 40 కిలోలు, భూకంపం వస్తే అవే మీద పడతాయి. మంచం కింద, అల్మరా అడుగు అర మంచి చోట్లు.

ఫ్రీజర్‌లో ఖాళీ ఉంటే రెండు మూడు ప్లాస్టిక్ బాటిళ్లు నింపి పెట్టండి. గడ్డకడితే నీళ్లు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి కనుక మూతి దగ్గర నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌ను కాసేపు చల్లగా ఉంచుతాయి, కరిగాక తాగే నీళ్లవుతాయి.

ఆరు నెలలకు మార్చడం గురించి. నీళ్లకు గడువు ఉండదు, పాత్ర శుభ్రతకు ఉంటుంది. సీలు వేసిన కంపెనీ బాటిల్ చల్లటి చోట ఉంటే తేదీ దాటినా తాగొచ్చు, రుచి మాత్రం కాస్త మారుతుంది. ఇంట్లో నింపుకున్నవి మనం ఎంత జాగ్రత్తగా కడిగామో మనకే తెలుసు కనుక ఆరు నెలలు. క్యాన్ మీద టేపు అంటించి, దాని మీద నింపిన తేదీ రాయండి. మేము మా ఇద్దరు పిల్లల పుట్టినరోజులకు ముడిపెట్టాం, అదృష్టవశాత్తూ వాటి మధ్య ఐదున్నర నెలల తేడా. ఆ రోజున పాత నీళ్లు మొక్కలకు, ఇల్లు తుడవడానికి పోతాయి, చుక్క కూడా వృథా కాదు.

ఇక ఫిల్టర్. ఫిల్టర్ నీళ్లను పుట్టించదు, ఉన్న నీళ్లను వడగడుతుంది. మూడో అంతస్తులో కుళాయి ఆగిపోయాక వడగట్టడానికి ఏముంటుంది? బయట వరద నీళ్లు ఉంటాయి. అందులో మట్టి, మురుగుతో పాటు డీజిలు, పురుగుమందులు కూడా కలిసి ఉంటాయి. చేతి ఫిల్టర్లు చాలావరకు 0.1 లేదా 0.2 మైక్రాన్ల రంధ్రాలు ఉన్నవి. బ్యాక్టీరియా, క్రిప్టోస్పొరిడియం లాంటి పరాన్నజీవులు ఆగుతాయి. వైరస్‌లు అంతకన్నా చిన్నవి కనుక చాలా ఫిల్టర్లలోంచి జారిపోతాయి. రసాయనాలు, ఉప్పు మరిగించినా పోవు, క్లోరిన్ వేసినా పోవు. నీటి మీద నూనె తెట్టె కనబడితే, పెట్రోలు వాసన వస్తే ఆ నీళ్లను శుద్ధి చేసే ప్రయత్నమే చేయకండి. సముద్రపు నీళ్లదీ అదే మాట.

అలాగని ఫిల్టర్ వద్దనను. నిల్వ అయిపోయాక, లేదా ఇల్లు వదిలి వెళ్లాక పనికొస్తుంది. కానీ అది మూడో స్థానంలో ఉండాలి. మొదట నిల్వ, తర్వాత మరిగించే ఏర్పాటు, క్లోరిన్, ఆ తర్వాత ఫిల్టర్. డబ్బులన్నీ ఫిల్టర్ మీద పెట్టి క్యాన్లు కొననివాళ్లను చూస్తే గొడుగు కొని ఇంటి కప్పు మర్చిపోయినట్టు అనిపిస్తుంది నాకు.

మరిగించడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, నీళ్ల ద్వారా జబ్బు తెచ్చే బ్యాక్టీరియా, వైరస్‌లు, పరాన్నజీవులు దానికి తట్టుకోలేవు. అడుగున చిన్న బుడగలు లేచినంత మాత్రాన చాలదు, నీళ్లు సలసల కాగుతూ ఒక నిమిషం ఉండాలి. సముద్ర మట్టానికి 2,000 మీటర్ల పైన ఉండేవాళ్లు మూడు నిమిషాలు. అంతకన్నా ఎక్కువ మరిగిస్తే ఇంధనం ఖర్చే. పదేసి నిమిషాలు మరిగించి గ్యాస్ రెండో రోజుకే అయిపోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. తాగేవి, పాపకు వాడేవి మాత్రం మరిగించండి, మిగతా వాటికి క్లోరిన్ చాలు.

క్లోరిన్‌కు రెండు దారులు. మాత్రలైతే అట్ట మీద రాసినట్టు వాడటమే. ఒక్కో మాత్ర ఒక్కో పరిమాణానికి చేస్తారు, లీటరుకు వేసేదీ ఉంటుంది, 20 లీటర్లకు వేసేదీ ఉంటుంది. పొరపాటున పెద్దది చిన్న బాటిల్‌లో వేస్తే తాగలేరు. కొనేటప్పుడే ఇది చూసి, మీ క్యాన్ సైజుకు సరిపోయేవి తెచ్చుకోండి.

రెండోది ద్రవరూపంలో ఉండే మామూలు బ్లీచ్. వాసనలు, రంగులు, సబ్బు కలపనిది, సోడియం హైపోక్లోరైట్ 5 నుంచి 6 శాతం ఉన్నది. తేటగా ఉన్న నీళ్లకు లీటరుకు రెండు చుక్కలు. నీళ్లు మసకగా ఉంటే నాలుగు. కలిపి అరగంట ఆగాలి. మూత తీస్తే సన్నగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే మళ్లీ అంతే వేసి పావుగంట చూడండి. అప్పటికీ రాకపోతే ఆ నీళ్లు వదిలేయడమే. 20 లీటర్ల క్యాన్‌కు 40 చుక్కలు లెక్కపెట్టడం ఎవరికీ కుదరదు, మధ్యలో ఎవరో పిలుస్తారు, లెక్క తప్పుతుంది. సూది లేని సిరంజి ఒకటి బ్లీచ్ సీసాకు రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచండి. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, కాబట్టి 20 లీటర్లకు 2 మిల్లీలీటర్లు. సీసా మీద కొన్న తేదీ రాయండి. బ్లీచ్ నిల్వలో బలం కోల్పోతుంది, ఏడాది దాటితే దాన్ని బట్టలకు వాడేసి కొత్తది పెట్టుకోండి.

బ్లీచింగ్ పౌడర్ వేరు, ఇది వేరు. పౌడర్‌లో క్లోరిన్ శాతం చాలా ఎక్కువ, పైగా మూత తీసిన దగ్గర్నుంచీ తగ్గుతూ పోతుంది. పైన చెప్పిన చుక్కల లెక్క దానికి పనికిరాదు. ఇంట్లో అంచనాగా చిటికెడు వేయడం కన్నా మాత్రలు వాడటం మంచిది. ఇంకో మాట, బ్లీచ్‌ను టాయిలెట్ క్లీనర్ పక్కన పెట్టకండి. అందులోని ఆమ్లంతో కలిస్తే విషవాయువు వస్తుంది.

మురికి నీళ్లయితే క్రమం ముఖ్యం. ముందు బకెట్టులో కదపకుండా తేరనివ్వాలి, పటిక ఉంటే ఇంకా త్వరగా అడుక్కి దిగుతుంది. పైన తేటను నాలుగు మడతల శుభ్రమైన నూలు గుడ్డలోంచి వడగట్టాలి. ఆ తర్వాతే క్లోరినైనా, పొయ్యి అయినా. పటిక వేస్తే తేట అవుతుంది తప్ప క్రిములు చావవు. తేటగా కనబడింది కదా అని అక్కడితో ఆపేయడం మామూలుగా జరిగే పొరపాటు. క్లోరిన్‌కు క్రిప్టోస్పొరిడియం లొంగదన్నది కూడా గుర్తుంచుకుని, అనుమానం ఉన్న నీళ్లను మరిగించడమే మేలు.

మీ ఇంట్లోనే దాగి ఉన్న నీళ్లు మర్చిపోకండి. గీజర్‌లో ఎప్పుడూ నిండుగా ఉంటాయి. స్విచ్ ఆపి, చల్లారాక, అడుగు వాల్వ్ నుంచి పట్టుకుని మరిగించి వాడొచ్చు. ఆపకుండా ఖాళీ చేస్తే కరెంటు రాగానే కాయిల్ మాడిపోతుంది. మీ భవనానికి పైన ట్యాంకు ఉంటే, కింద సంప్‌లోకి వరద నీరు చేరిన క్షణం నుంచి మోటారు వేయకూడదు. వేస్తే పైన ఉన్న మంచి నీళ్లు కూడా పాడవుతాయి. ఈ విషయం వాచ్‌మన్‌కూ, మిగతా ఫ్లాట్లవాళ్లకూ ముందే చెప్పి పెట్టాలి. ఆ రోజు హడావిడిలో ఎవరో ఒకరు అలవాటుగా స్విచ్ వేసేస్తారు. టాయిలెట్ ట్యాంకులోని నీళ్లు, ఏసీ నుంచి కారేవి ఫ్లష్‌కే తప్ప తాగడానికి లెక్కలోకి తీసుకోవద్దు.

పాపకు తల్లిపాలు పడుతుంటే తల్లి కోసం రోజుకు మరో ముప్పావు లీటరు కలుపుకోండి. పొడిపాలు అయితే మరిగించిన నీళ్లు, 70 డిగ్రీలకు తగ్గకముందే కలిపి, తర్వాత చల్లార్చి పట్టాలి. పాలసీసా, పీక కడగడానికే బోలెడు నీళ్లు కావాలి కనుక అలాంటి రోజుల్లో చిన్న కప్పుతో పట్టడం తేలిక, కప్పు శుభ్రం చేయడమూ తేలిక. ఇప్పుడే కప్పు అలవాటు చేస్తే ఆ రోజు ఏడుపు తప్పుతుంది.

అమ్మమ్మగారి విషయంలో నాకు ఎక్కువ ఆందోళన. వయసు మళ్లినవాళ్లకు దాహం సరిగ్గా తెలియదు, పైగా 'పిల్లలకు ఉండనీలే' అని గ్లాసు పక్కన పెట్టేస్తారు. పేరు రాసిన బాటిల్ ఇచ్చి, సాయంత్రానికి ఖాళీ కావాలని చెప్పండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తున్నా, లేవగానే కళ్లు తిరుగుతున్నా నీళ్లు చాలడం లేదన్నమాట. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ఆ కొలతే పాటించాలి, ఈసారి వెళ్లినప్పుడు అడిగి రాసుకోండి. కుక్కకు రోజుకు అర లీటరు పైనే కావాలి, ఎండాకాలం ఇంకాస్త.

విరేచనాలు మొదలైతే నీళ్ల లెక్కలన్నీ తారుమారు అవుతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది పెట్టుకోండి. లేనప్పుడు లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, స్పూను అంచుకు సమంగా కొలిచి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి.

పొదుపు గురించి ఒక అపోహ ఉంది. నీళ్లు తక్కువగా ఉన్నాయని తలా రెండు గుక్కలతో సరిపెడతారు. అలా చేయకండి. ఈ రోజు ఒంటికి కావాల్సినన్ని తాగండి, రేపటి నీళ్ల కోసం రేపు బుర్ర పాదరసంలా పనిచేయాలి, సొమ్మసిల్లి పడిపోకూడదు. పొదుపు చేయాల్సింది చెమటను. మధ్యాహ్నం నీడన ఉండండి, బరువులు ఎత్తే పని పొద్దున్నే ముగించండి, ఉప్పు ఎక్కువైన తిండి తగ్గించండి.

మీరు కొనాలనుకున్న రెండు కేసులు కొనండి, అవి వృథా కావు. వాటిలోంచి ఎనిమిది పది బాటిళ్లు గుమ్మం దగ్గరి సంచుల్లోకి వెళ్తాయి, మిగతావి మంచం కిందకి. ఈ నెల 10 లీటర్ల క్యాన్లు మూడు, వచ్చే నెల ఇంకో మూడు చేర్చండి. బాటిళ్లతో కలిపి నాలుగు రోజులు గట్టెక్కే నీళ్లు అవుతాయి. ఆ పై నెలల్లో వారం దాకా పెంచుకోవచ్చు. మీ మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఈ సాయంత్రమే వెతికి, ఒకసారి తిప్పి చూడండి. ఏళ్ల తరబడి కదపని వాల్వ్‌లు బిగుసుకుపోయి ఉంటాయి, మాది తిరగడానికి ప్లంబర్ రావాల్సి వచ్చింది.